రంగు మారితే సరిపోదు, పట్టీ మీద నిలవాలి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆదివారం సైన్సు పేజీలో, ఆమ్లత్వాన్ని రంగుతో చెప్పే పట్టీల గురించి వచ్చిన వ్యాసం చదివాను. పసుపు పూసిన కాగితాన్ని సున్నపు నీళ్ళలో ముంచుతున్న బడి పిల్లవాడి ఫొటో వేసి, దాని కింద ఇక పీహెచ్ (ఆమ్ల క్షారాల కొలత, 7 కింద ఆమ్లం, పైన క్షారం) చూపే మీటర్లతో పనిలేదనీ, రైతు చేతికి రూపాయి సెన్సర్ వచ్చేసిందనీ రాశారు. ఫొటో బాగుంది. కింద రాసిన మాటతోనే నాకు పేచీ.

పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని పెళ్ళిళ్ళలో పారాణి కలిపే ఆడపడుచులందరికీ తెలుసు. పసుపులో ఉండే కర్కుమిన్ అనే రంగు పదార్థం, నీళ్ళ పీహెచ్ సుమారు 7.4 దాటాక ఎరుపు వైపు తిరగడం మొదలుపెడుతుంది, 8.6 వచ్చేసరికి పూర్తిగా తిరిగిపోతుంది. అంతకు కింద 3 అయినా 6 అయినా దానికి ఒకటే, పసుపు రంగే చూపిస్తుంది. ఎండకు వెలిసిపోతుంది. క్షారం ఎక్కువున్న నీళ్ళలో కాసేపు వదిలేస్తే ఏకంగా అణువే విరిగిపోతుంది. అంటే ఆ కాగితం సున్నం ఉందా లేదా అన్న ప్రశ్నకు ఒక్కసారి జవాబు చెబుతుంది, అంతే. సెన్సర్ అని పేరు పెట్టాలంటే ఎంత ఉందో చెప్పాలి, అడిగినప్పుడల్లా చెప్పాలి, నీళ్ళు మారితే వెనక్కి తిరిగి మళ్ళీ సరిగ్గా చెప్పాలి.

ఈ మాట చెప్పడానికి నువ్వెవరు అంటారేమో. ఉద్యోగమంతా ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో అసిస్టెంటుగా చేసి రిటైరయ్యాను. ద్రావణాలు కలపడం, బ్యూరెట్లు కడిగించడం, పిల్లలు పగలగొట్టిన గ్లాస్ ఎలక్ట్రోడ్ల (పీహెచ్ మీటరుకు ఉండే గాజు కడ్డీల) లెక్క రిజిస్టరులో రాయడం నా పని. ఇల్లు కొత్తవాడలో. 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిన వరంగల్ షత్రంజీలు (నూలు తివాచీలు) నేసే వాడ అది. మా బాపు నూలుకు రంగులద్దేవాడు, ఇప్పుడు మా అన్న అద్దుతున్నాడు. కాలేజీలో రంగు మారితే పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇంట్లో రంగు మారితే ఆ చిలపలు (నూలు కట్టలు) కొన్నవాడు తెచ్చి మా అరుగు మీద పడేసి పోయేవాడు. రెండు చోట్లా పెరిగినవాణ్ణి కాబట్టి నాకు ఈ విషయంలో కొంచెం పట్టింపు ఎక్కువ.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. రంగు మారే పదార్థాలకు ప్రపంచంలో కరువు లేదు. మనకు కావలసిన అంకె దగ్గర మారేలా ఆ అణువును తీర్చిదిద్దడం ఒక పని, దాన్ని పట్టీకి కదలకుండా కట్టడం ఇంకో పని. సెన్సర్ తయారీలో కష్టమంతా వీటిలోనే ఉంది. మీ వ్యాసంలో మొదటిదాని గురించి ఒక్క వాక్యం ఉంది, రెండోదాని ఊసే లేదు.

ఉదాహరణకు మా బావమరిది సంగతి చెబుతాను. ఆయన పరకాల వైపు ఒక ఊరి మత్స్య సహకార సంఘంలో సభ్యుడు. పోయిన ఎండాకాలం చెరువులో నీళ్ళు తగ్గి పచ్చగా నాచు పట్టింది. చేపలు తెల్లవారుజామున పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయని టెన్షన్ పడి, ఎవరో చెబితే పీహెచ్ పట్టీల డబ్బా ఒకటి కొనుక్కొచ్చాడు. (నోళ్ళు తెరవడం ఆక్సిజన్ తక్కువై వచ్చే బాధ, దానికి ఈ పట్టీ ఏమీ చెప్పదు. అది వేరే సంగతి.) డబ్బా మీద అన్ని రకాల నీళ్ళకూ పనికొస్తుందని రాసి ఉంది. పొద్దున ముంచితే నీలం. మధ్యాహ్నం ముంచితే నీలం. "నీళ్ళు మంచిగనే ఉన్నయి బావా, రంగు కొంచెం కూడ మారుతలేదు" అని ఫోన్ చేశాడు. నాకు అనుమానం వచ్చి, డబ్బా పట్టుకొని రమ్మన్నాను.

ఆ చెరువులో పొద్దుటికీ మధ్యాహ్నానికీ పీహెచ్ మారకుండా ఉండే అవకాశమే లేదు. పగటి పూట నాచు నీళ్ళలోని కార్బన్ డయాక్సైడును లాగేసుకుంటుంది, పీహెచ్ పైకి పోతుంది. రాత్రంతా నాచూ చేపలూ అన్నీ ఊపిరి తీస్తూ కార్బన్ డయాక్సైడును మళ్ళీ నీళ్ళలోకి వదులుతాయి, తెల్లారేసరికి పీహెచ్ కిందికి దిగుతుంది. నాచు చిక్కగా ఉన్న చెరువులో మధ్యాహ్నం 9 దాటడం వింతేమీ కాదు. అలా పైకి పోయినకొద్దీ నీళ్ళలోని అమ్మోనియం, చేపలకు విషమైన అమ్మోనియాగా మారుతుంది. పీహెచ్ 7 నుంచి 8కి పెరిగితేనే ఆ వాటా సుమారు పది రెట్లవుతుంది. కాబట్టి మత్స్యకారుడికి 5 ఎక్కడ, 6 ఎక్కడ అన్న గొడవ అక్కర్లేదు. 7.5కూ 9కీ మధ్య ఎక్కడున్నామో తెలియాలి.

డబ్బాలోని పట్టీని ఇంట్లో ఉన్న బఫర్ ద్రావణాలలో (పీహెచ్ ముందే తెలిసినవి) ముంచి చూశాను. 6 దగ్గర పసుపు, 7 దగ్గర పచ్చ, 7.6 దాటాక నీలం. అచ్చం బ్రోమోథైమాల్ బ్లూ అనే రంగు నడక. అక్వేరియం వాళ్ళు ఎక్కువగా వాడేది అదే, వాళ్ళ అవసరానికి అది సరిపోతుంది కూడా. ఇలాంటి ప్రతి రంగుకూ ఒక నడిమి అంకె ఉంటుంది, పీకేఏ అంటారు. నీళ్ళ పీహెచ్ సరిగ్గా ఆ అంకె దగ్గర ఉన్నప్పుడు సగం అణువులు హైడ్రోజన్‌ను పట్టుకొని ఒక రంగులో, సగం వదిలేసి ఇంకో రంగులో ఉంటాయి. అక్కణ్ణుంచి ఒక అంకె పైకి పోతే నూటికి తొంభై ఒకటి వదిలేస్తాయి. రెండు అంకెలు పోతే తొంభై తొమ్మిది. బ్రోమోథైమాల్ బ్లూ నడిమి అంకె సుమారు 7.1. అంటే 8.1 దగ్గర నూటికి తొంభై ఒక్క అణువులు నీలం, 9.1 దగ్గర తొంభై తొమ్మిది నీలం. ఎంత చురుకైన కన్నైనా ఈ రెండింటినీ వేరు చేయలేదు. మా బావమరిది కళ్ళకు ఏ దోషమూ లేదు, ఆ రంగుకు ఆ చెరువు గురించి చెప్పే శక్తి లేదు.

మరి ఆ నడిమి అంకెను మన ఇష్టప్రకారం జరపగలమా? జరపగలం, ఈ సబ్జెక్టులో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. ఫీనాల్ సంగతి తీసుకోండి, ఈ రంగుల్లో హైడ్రోజన్‌ను పట్టుకొని వదిలే ముక్క అలాంటిదే. దాని పీకేఏ సుమారు 10, అంత తేలిగ్గా హైడ్రోజన్‌ను వదలదు. బెంజీన్ వలయంలో దానికి ఎదురు మూలన ఒక నైట్రో గ్రూపు పెడితే పీకేఏ 7.15కి దిగుతుంది. ఇంకో నైట్రో పెడితే 4 దగ్గరికి వస్తుంది. మూడు పెడితే పిక్రిక్ యాసిడ్, అది దాదాపు బలమైన ఆమ్లమే. నైట్రో గ్రూపు ఎలక్ట్రాన్లను తన వైపు గుంజుతుంది, దాంతో హైడ్రోజన్ మీద ఆక్సిజన్ పట్టు సడలుతుంది. మిథైల్ లాంటి గ్రూపులు ఎలక్ట్రాన్లను ఇస్తాయి కాబట్టి అటు వైపు పట్టు బిగుస్తుంది.

ఇదే లెక్క మా ల్యాబు అలమారలోని సీసాల మీద కనిపించేది. ఫీనాల్ రెడ్ 6.8 నుంచి 8.2 మధ్య మారుతుంది. దానికి రెండు మిథైళ్ళు తగిలిస్తే క్రెసాల్ రెడ్, 7.2 నుంచి 8.8. ఐసోప్రొపైల్ కూడా తగిలిస్తే థైమాల్ బ్లూ, 8.0 నుంచి 9.6. ఇప్పుడు థైమాల్ బ్లూలో రెండు బ్రోమిన్లు దూర్చండి. బ్రోమిన్ ఎలక్ట్రాన్లను గుంజే రకం కాబట్టి కిందికి జారి 6.0 నుంచి 7.6 అవుతుంది, అదే మన బ్రోమోథైమాల్ బ్లూ. ఫీనాల్ రెడ్‌లో నాలుగు బ్రోమిన్లు పెడితే ఏకంగా 3.0 నుంచి 4.6కి పడిపోయి బ్రోమోఫీనాల్ బ్లూ అవుతుంది. వలయాలు అవే, ఎముకల గూడు అదే, చుట్టూ తగిలించే నగలు మార్చుకుంటూ పోతే 3 నుంచి 9.6 దాకా మెట్లు కట్టుకోవచ్చు. ఈ కుటుంబపు రంగులను అమెరికాలో క్లార్క్, లబ్స్ అనే ఇద్దరు 1917 ప్రాంతంలోనే బ్యాక్టీరియా పరీక్షల కోసం వరసగా పరీక్షించి పెట్టారు. సోరెన్‌సెన్ డెన్మార్క్‌లో పీహెచ్ కొలతను ప్రవేశపెట్టింది 1909లో. అంటే కొలబద్ద పుట్టిన పదేళ్ళలోపే ఇదంతా జరిగిపోయింది. మన బీఎస్సీ ల్యాబుల్లో ఇప్పటికీ ఫినాఫ్తలీన్, మిథైల్ ఆరెంజ్ దాటి ఎవరూ అలమార తెరవరు. పరీక్షలో రాదు కదా సార్ అంటారు.

ఇక రెండో తప్పు. ఆ పట్టీని గాజు గ్లాసులో చెరువు నీళ్ళు పోసి అందులో వదిలేశాం. ఛాయ తాగి వచ్చేలోపు నీళ్ళన్నీ లేత నీలంగా మారాయి, పట్టీ మాత్రం పాలిపోయింది. ఒక్క క్షణం ముంచి తీసేసే పనికైతే ఇది పెద్ద తప్పు కాకపోవచ్చు. కానీ చెరువులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంచి ఎప్పటికప్పుడు చదవాలంటే, రంగు నీళ్ళలోకి దిగిన కొద్దీ పట్టీ చెప్పే అంకె దొంగ అంకె అవుతుంది. చేపలు బతికే నీళ్ళలోకి, లేదా ఒక రోగి గాయంలోకి, ఏ రంగు దిగుతుందో అన్నది ఇంకో భయం.

పక్కన కూర్చున్న మా అన్న ఆ పట్టీని వేళ్ళ మధ్య నలిపి చూసి, "గిది కచ్చా రంగు తమ్మీ. అద్దినోడు సోడా ఏసిండా లేదా?" అన్నాడు. ఆయనకు పీకేఏ తెలియదు, అయినా సరిగ్గా తప్పున్న చోటే వేలు పెట్టాడు.

నూలుకు రంగు పట్టే తీరు అర్థం కాకుండా ఈ పట్టీల కథ అర్థం కాదు. డైరెక్ట్ రంగులు నూలు పోగులో దూరి, దాన్ని అంటిపెట్టుకొని కూర్చుంటాయి, అంతకు మించిన బంధమేమీ ఉండదు. వీటిలో మొదటిది కాంగో రెడ్. 1883లో జర్మనీలో పాల్ బాటిగర్ తయారుచేశాడు. పటిక లాంటి మందు ముందుగా పట్టించే పని లేకుండా నేరుగా నూలుకు ఎక్కుతుందని దాన్ని అప్పట్లో ఎగబడి కొన్నారు. కానీ దానికో జబ్బుంది. పీహెచ్ 5.2 కిందికి దిగితే ఎరుపు పోయి, 3 దగ్గరికి వచ్చేసరికి నీలమవుతుంది. చింతపులుసు చుక్క పడితే చాలు, ఎర్ర బట్ట మీద నీలి మరక. అద్దకందారుకు పరువు తీసే ఈ గుణమే ల్యాబుకు పనికొచ్చింది. బట్టల మీద దాని పేరు పోయింది, ఇండికేటర్ (ఆమ్ల క్షారాలను రంగుతో చూపే మందు) సీసాల మీద నిలిచింది. (బెంజిడిన్ నుంచి వచ్చే రంగు కాబట్టి అది క్యాన్సర్ భయమున్న జాతి. ఎవరైనా పాత సీసా దొరికిందని పిల్లల చేత ప్రయోగాలు చేయించవద్దు.)

నూలుకు రసాయన బంధంతో కట్టుకునే పక్కా రంగు లోకానికి తెలిసింది 1950ల్లో. 1954లో ఇంగ్లండ్‌లోని ఐసీఐ కంపెనీలో రాటీ, స్టీఫెన్ అనే ఇద్దరు రంగు అణువునే నూలు అణువుతో రసాయనికంగా కలిపే దారి కనిపెట్టారు. 1956లో ఆ రియాక్టివ్ రంగులు బజారుకు వచ్చాయి. తర్వాత వినైల్ సల్ఫోన్ రకం రియాక్టివ్ రంగులు వచ్చాయి. వీటిలో రంగు అణువుకు ఒక చెయ్యి ఉంటుంది. సోడా తగలగానే ఆ చెయ్యి తెరుచుకొని, నూలు పోగుకు మూలపదార్థమైన సెల్యులోజ్‌లోని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. ఆ తర్వాత ఉతికినా ఉడకబెట్టినా వదలదు.

మా అన్న చేసే పని చూస్తే ఇది కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. గంగాళంలో రంగు నీళ్ళు కలిపి తడి చిలపలు వేస్తాడు. కర్రతో తిప్పుతూ ముందు ఉప్పు వేస్తాడు, ఉప్పు రంగును నీళ్ళలోంచి నూలు వైపు తోస్తుంది. ఇంకా బంధం పడలేదు, ఈ దశలో తీసి పిండితే రంగంతా కారిపోతుంది. నూలు లోపలి దాకా రంగు ఎక్కిందని నమ్మకం కుదిరాకే వాషింగ్ సోడా వేస్తాడు. తొందరపడి ముందే వేస్తే పైపైన కట్టుకొని లోపల తెల్లగా మిగిలిపోతుంది. ఇంకో చిక్కేమిటంటే, ఆ చెయ్యి సెల్యులోజ్‌నే కాదు, నీళ్ళను కూడా పట్టుకుంటుంది. నీళ్ళను పట్టుకున్న రంగు ఇక నూలుకు కట్టుకోలేదు, అయినా పోగుల్లో దాక్కుంటుంది. అందుకే చివర్లో సబ్బు నీళ్ళలో మరగబెట్టి దాన్ని వెళ్ళగొడతారు. ఆఖరున తడి తెల్ల గుడ్డ ముక్కను చిలప మీద పెట్టి బొటనవేలితో గట్టిగా అదుముతాడు. గుడ్డకు కొంచెం రంగు అంటినా మళ్ళీ మరగబెట్టాల్సిందే.

ఇప్పుడు సెన్సర్ సంగతికి రండి. జర్మనీలో గెర్హార్డ్ మోర్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం చేసిన పని సరిగ్గా ఇదే. ఆమ్లానికి రంగు మారే అణువుకు వినైల్ సల్ఫోన్ చెయ్యి పెట్టి, సోడాతో సెల్యులోజ్ పొరకు కట్టేశారు. 2008లో వాళ్ళు అచ్చువేసిన పని, అలాంటి పొరలను తేలిగ్గా తయారుచేసుకోవడానికి తగిన రంగుల గురించే. అక్కడ ఇంకో తిరకాసు ఉంది. చెయ్యిగా పెట్టిన సల్ఫోన్ గ్రూపు కూడా ఎలక్ట్రాన్లను గుంజే రకమే. అణువులో అది కూర్చున్న చోటును బట్టి నడిమి అంకె కూడా కదులుతుంది. రంగు నీళ్ళలో ఉన్నప్పుడు ఉన్న అంకె, పొరకు కట్టాక ఉండే అంకె ఒకటి కావు. కట్టిన తర్వాతే బఫర్లలో పెట్టి కొత్తగా చూసుకోవాలి. పుస్తకంలో ఉన్న అంకెను డబ్బా మీద ముద్రించేవాళ్ళు ఈ మెట్టు ఎక్కరు.

అసలు పట్టీకి కట్టడం అన్న ఆలోచన అంతకంటే పాతది. 1980లో అమెరికాలో పీటర్సన్, ఆయన తోటివాళ్ళు ఫీనాల్ రెడ్‌ను పాలీఎక్రిలమైడ్ పూసలకు కట్టి, ఆ పూసలను వెలుతురు మోసే సన్నని ఆప్టికల్ ఫైబర్ కొనలో నింపి, శరీరం లోపలి పీహెచ్‌ను కొలిచారు. మనిషి రక్తం 7.35కూ 7.45కూ మధ్య ఉండాలి, అంత ఇరుకు సందులో కొలవడానికి ఫీనాల్ రెడ్ సరైన ఎంపిక. ఒంట్లో గ్లాస్ ఎలక్ట్రోడు పెట్టి పగిలితే ఏమవుతుందో నేను వేరే చెప్పక్కర్లేదు. 2010లో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ గాయం కట్టు ఒకటి చూపించింది. గాయం మానుతుంటే పీహెచ్ 5 కంటే తక్కువలో ఉంటుంది, 6.5 నుంచి 8.5 మధ్య ఉంటే చీము పట్టే ప్రమాదం. కట్టు పసుపు నుంచి ఊదాకు మారితే విప్పి చూడాలని అర్థం. షుగరు పుండ్లతో కట్టు మార్పించుకోవడానికి గంటలు గంటలు బెంచీల మీద కూర్చునే మన వాళ్ళను చూస్తే, ఆ వార్త నాకు చాలా సార్లు గుర్తొస్తుంది.

వెలుతురు గురించి కూడా రెండు మాటలు. మీ వ్యాసంలో పట్టీని సెల్ ఫోన్‌తో ఫొటో తీస్తే యాప్ అంకె చెబుతుందని రాశారు. ట్యూబ్‌లైటు కింద తీసిన ఫొటోకూ, చెరువు కట్ట మీద మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోకూ రంగులో ఎంత తేడా వస్తుందో ఒకసారి తీసి చూడండి. ఫోన్ తనంతట తాను తెలుపును సరిచేసుకుంటుంది, దాంతో మనం చూడాలనుకున్న తేడాయే పోతుంది. పక్కన తెల్ల గడి, తెలిసిన రంగుల గడులు పెట్టి ఒకే ఫొటోలో తీస్తే కొంత నయం. వెలుతురుతో కొలిచే మంచి ఆప్టికల్ సెన్సర్లలో ఒక్క రంగు వెలుతురుతో సరిపెట్టరు. ఫీనాల్ రెడ్ క్షార రూపం 560 నానోమీటర్ల దగ్గర, ఆమ్ల రూపం 430 దగ్గర వెలుతురును మింగుతుంది. రెండు చోట్లా కొలిచి, ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తారు. తక్కెడలో రెండు పళ్ళాల మీదా ఒకే బరువు తగ్గితే ముల్లు కదలనట్టు, దీపం మందగించినా, పట్టీ కాస్త వెలిసినా భాగఫలం మారదు. హైలైటర్ పెన్నుల్లో పసుపుపచ్చగా మెరిసే పైరనీన్ కూడా ఇలాంటి పనికి పేరున్నదే. దాని నడిమి అంకె 7.3 దగ్గర ఉంటుంది, రెండు వేర్వేరు వెలుతుర్లలో మెరిపించి నిష్పత్తి చూస్తారు.

రైతు చేతికి వచ్చేసింది అన్న మాట దగ్గర నాకు నిజంగా కోపం వచ్చింది. మన రేగడి మట్టిని నీళ్ళలో కలిపి పట్టీ ముంచండి, పట్టీ మీద బురద తప్ప రంగు కనిపించదు. మట్టి పరీక్ష కిట్లలో బేరియం సల్ఫేట్ పొడి ఎందుకు ఇస్తారనుకున్నారు? బురదను కిందికి దింపి పైన తేట నీళ్ళు మిగిల్చి, అందులో రంగు చూడటానికి. రూపాయి పట్టీ కథలో ఈ పొడి ధర ఎవరూ కలపరు. నీళ్ళలో ఉప్పు ఎక్కువ తక్కువలను బట్టి కూడా నడిమి అంకె జరుగుతుంది, మన బోరు నీళ్ళకూ కాలువ నీళ్ళకూ ఆ తేడా బాగానే ఉంటుంది. మే నెల ఎండకూ డిసెంబరు చలికీ కూడా ఒకే లెక్క నడవదు. గ్లాస్ ఎలక్ట్రోడు పగులుతుంది, ఎండిపోతుంది, నిజమే, కానీ 4, 7 బఫర్లలో సరిచూసుకున్నాక అది చెప్పే అంకెను నేను ఇప్పటికీ నమ్ముతాను. పట్టీలు దాన్ని పారేయించడానికి కాదు, అది పోలేని చోటికి పోవడానికి.

జిల్లా సైన్స్ ఫెయిర్లకు జడ్జీలుగా పోయే లెక్చరర్లు నాకు చాలామంది తెలుసు. శంఖుపుష్పం, మందారం, ఎర్ర క్యాబేజీ, పసుపు, ఏది తెచ్చినా రంగు ఎంత గుప్పున మారితే అన్ని మార్కులు. ఆ కాగితాన్ని ఒక రాత్రి నీళ్ళలో ఉంచి, పొద్దున నీళ్ళు రంగు తేలాయా లేదా చూడమని ఒక్కరూ అడగరు. ఆమ్లంలోంచి క్షారంలోకి, మళ్ళీ ఆమ్లంలోకి వరసగా ముంచి, మొదటి రంగే వచ్చిందా అని చూడరు. ఈ రెండూ చేయడానికి గ్లాసు, నిమ్మకాయ, వంటసోడా చాలు, ఖర్చు లేదు.

కాకతీయ విశ్వవిద్యాలయం 1976 నుంచి ఉంది. నిట్ (జాతీయ సాంకేతిక విద్యాసంస్థ) పునాది 1959లో పడింది. రెండూ కొత్తవాడకు ఆటో దూరంలోనే ఉన్నాయి. ఎమ్మెస్సీ ప్రాజెక్టులకు పిల్లలు హైదరాబాద్ కంపెనీల చుట్టూ తిరుగుతారు, ఇక్కడ నూలుకు రంగు కట్టడంలో చెయ్యి తిరిగినవాళ్ళు గంగాళాల పక్కన ఖాళీగా కూర్చుంటున్నారు. అద్దకం పని రోజురోజుకూ తగ్గుతోంది. వినైల్ సల్ఫోన్ చెయ్యి ఉన్న ఇండికేటర్‌ను తయారుచేయడం కాలేజీ పని. దాన్ని నూలు పట్టీకి సమంగా ఎక్కించడం, అంటని రంగును కడిగి వెళ్ళగొట్టడం మా అన్నలాంటి వాళ్ళ పని. పొర మందంగా ఎక్కిస్తే రంగు బాగా కనిపిస్తుంది కానీ నీళ్ళు లోపలికి పోవడం ఆలస్యమై సెన్సర్ మొద్దుబారుతుంది. పలచగా ఎక్కిస్తే చురుగ్గా మారుతుంది, కానీ వెలవెలబోతుంది. ఆ మధ్యస్థం ఎక్కడో అద్దకందారు చేతికి తెలుస్తుంది. ఆ పిల్లలతో వీళ్ళను ఒక్క సెమిస్టర్ కూర్చోబెట్టే అధికారి ఎవరైనా ఈ ఉత్తరం చదివితే నా శ్రమ ఫలించినట్టే.

మీకు నా విన్నపం చిన్నది. ఇకముందు ఇలాంటి వార్త వేసేటప్పుడు ఆ రంగు ఏ అంకె నుంచి ఏ అంకె దాకా మారుతుందో, నీళ్ళలోకి దిగుతుందో లేదో తయారుచేసినవాళ్ళను అడిగి, ఒక్క లైను వేయండి. జవాబు రాకపోతే, రాలేదని వేయండి.

చెరువుల మీద బతికే పాఠకుల కోసం ఒక మాట. పక్కా పట్టీలు వచ్చేదాకా చుక్కల సీసా వాడుకోండి, అందులో రంగు నీళ్ళలోనే కలవాలి కాబట్టి దిగుతుందన్న గొడవ లేదు. క్రెసాల్ రెడ్ అయితే 7.2 నుంచి 8.8 దాకా పసుపు నుంచి ఎరుపూదాకు మారుతుంది. నాచు పట్టిన రోజుల్లో మధ్యాహ్నం కొలతకు థైమాల్ బ్లూ కూడా పక్కన ఉంచుకోండి. తెల్లారకముందు ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి, ఒకే చోట నీళ్ళు తీయండి. పరీక్ష నాళికను తెల్ల కాగితం ముందు పట్టుకొని నీడలో చూడండి. మా బావమరిది ఇప్పుడు అలాగే చేస్తున్నాడు. రెండు పూటలకూ తేడా కనిపిస్తోందట.

ఇట్లు,
రిటైర్డ్ ల్యాబ్ అసిస్టెంట్,
కొత్తవాడ, వరంగల్